ఇనోమాతా షెడ్డులో తల వంచని కారు లేదు

మా పక్క షెడ్డు ఇనోమాతాకి తాగుడు లేదు, జూదం లేదు, పక్కవాళ్ల మీద చాడీలు చెప్పే గుణమూ లేదు. ఉన్నదల్లా ఒకటే పిచ్చి. బాగుచేసిన ప్రతి కారు చేతా దాని యజమానికి క్షమాపణ చెప్పిస్తాడు.

నోటితో కాదు లెండి. కారుకి నోరెక్కడిది? వెనక భాగం కింద జాకీ పెట్టి పైకి లేపుతాడు. వెనక లేస్తే ముందు వంగాల్సిందే కదా. అలా మూతి నేలకేసి వంగిన కారు పక్కన తనూ నిలబడి, తొడల మీద చేతులు ఆనించి, నడుం వంచి, "మా వాడు మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాడు, మన్నించండి" అంటాడు. చిన్న తప్పుకి కొంచెం వంపు. పెద్ద తప్పుకి బంపరు మట్టి కరిచేంత వంపు. పాత స్పోర్ట్స్ కార్లలో కొన్నిటికి దీపాలు కనురెప్పల్లా లేచి మూసుకుంటాయి చూశారూ, అలాంటివాటి చేతయితే కళ్లు కూడా మూయిస్తాడు. సిగ్గుపడాలట.

కురోదే కనుమ అడుగున, వాడి షెడ్డుకీ నా నూడుల్స్ కొట్టుకీ మధ్య ఒక్క రేకు గోడ అడ్డం. కనుమ మలుపుల్లో గేర్లు విరగ్గొట్టుకున్న వాళ్లంతా కారు వాడికి అప్పగించి, ఆకలితో నా దగ్గరికొస్తారు. అందుకని వాడి పిచ్చిని నేనేమీ అనలేదు చాలాకాలం. కానీ జాకీ దిగిన ప్రతిసారీ దబ్బుమని నేల అదిరి, నా గిన్నెల్లో పులుసు తొణికేది. ఒకరోజు ఒళ్లు మండి వెళ్లి, ఇదేం పాడు అలవాటురా అని కడిగేశాను. వాడు చాలా బాధపడ్డాడు. బాధపడి, జాకీ చేత నాకు క్షమాపణ చెప్పించాడు. దాని కింద ఇంకో జాకీ పెట్టి.

వాడి లెక్కలో తప్పెప్పుడూ కారుదే. మనిషిది కానే కాదు. సోయా సాస్ తయారుచేసే వాళ్లింటి పెద్దబ్బాయి ఓసారి కారు ఈడ్పించుకుని వచ్చాడు. గేర్లు ఒక్కటీ కదలడం లేదు. గేరుపెట్టెలో నూనె చివరిసారి ఎప్పుడు మార్చారని ఇనోమాతా అడిగితే, ఆ పెద్దమనిషి కాసేపు ఆలోచించి, అందులో కూడా నూనె ఉంటుందా అన్నాడు. నేనైతే నెత్తిన గరిట పెట్టి మొట్టేదాన్ని. ఇనోమాతా నెమ్మదిగా కారు వైపు తిరిగాడు. "నువ్వెందుకు చెప్పలేదు? ఇన్నేళ్లు కలిసి తిరిగారు, ఒక్కమాట చెప్పలేవూ?" అని దాన్ని నిలదీశాడు. అది ఏం చెబుతుంది. మర్నాడు బంపరు మట్టి కరిచింది.

చేపల కొట్టు నెగోరోది ఇంకో కథ. అతనికి డ్రైవింగంటే గేరు కర్ర మీద చెయ్యి పారేసి కూర్చోవడమే. చంటిపిల్ల తల నిమిరినట్టు ఇంటి నుంచి చేపల సంత దాకా దాన్నే పట్టుకుని ఉండేవాడు. అలా చెయ్యి బరువంతా మోసీ మోసీ లోపల గేర్లని జరిపే ముక్క అరిగిపోయి, మూడో గేరు వేసినప్పుడల్లా ఊడి బయటికి గెంతేది. ఇనోమాతా ఆ మాట అతనితో అన్నాడా? అనలేదు. "మనిషి నమ్మి చెయ్యి వేస్తే అరిగిపోతావా, సిగ్గులేదూ" అని కారుని తిట్టి, ముక్క మార్చి, శిక్షగా దాని నున్నటి పిడి పీకేసి ముళ్ల పిడి ఒకటి బిగించాడు. శిక్ష కారుకేనట. ఆ రోజు నుంచీ నెగోరో చెయ్యి స్టీరింగు దాటి ఇటు రాలేదు.

సర్కారు తనిఖీకి కార్లు తీసుకెళ్లినా ఇదే వరస. గేరు పిడి మీద ఏ గేరు ఎటుందో చూపే గీతలు కనబడకపోతే తనిఖీలో కారు తప్పుతుంది. పాత పిడిల మీద అవి అరిగిపోతాయి. అలా తప్పిన ఒక కారు చేత, అక్కడే, వరసలో అందరూ చూస్తుండగా తనిఖీ అధికారికి దండం పెట్టించాడు. పాపం ఆయన మర్యాదస్తుడు. అలవాటు కొద్దీ తనూ వంగాడు. ఇనోమాతా ఇంకొంచెం వంగాడు. ఆయనా ఇంకొంచెం వంగాడు. వెనకున్న కార్లవాళ్లు హారన్లు కొడితే గానీ ఇద్దరూ లేవలేదట.

ఇంతకీ ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో మా ఊళ్లో అందరికీ తెలుసు. షిమోజో మాస్టారి దగ్గర పట్టుకుంది.

షిమోజో మాస్టారంటే మా ఊరి డ్రైవింగ్ స్కూల్లో జీవితమంతా పాఠాలు చెప్పినాయన. ఈ చుట్టుపక్కల లైసెన్సున్న ప్రతివాడూ ఆయన చేతిలో నలిగినవాడే. లేనివాళ్లం కూడా నలిగినవాళ్లమే. నేను ఇప్పటికీ ఉల్లికాడలకి సైకిలు మీద వెళ్తున్నానంటే ఆయన పుణ్యమే. ఆయన బోధంతా ఒక్క మాట: "తప్పు బండిది కాదు, నీది." ఎవరైనా గేరు గర్రుమనిపించారో, బండి ఆపించి, కిందికి దింపి, ఆ తెల్ల కారు ముందు నిలబెట్టి, నడుం వంచి క్షమాపణ అడిగించేవాడు. వాన పడుతున్నా సరే. ఇనోమాతా ఆ కారుకి ఎన్ని దండాలు పెట్టాడో వాడికే తెలియదు. రోడ్డు మీద వెళ్లేవాళ్లు అక్కడేదో దేవుడి గుడి వెలిసిందనుకునేవారు. తర్వాత వాడు సొంత షెడ్డు పెట్టుకుని లెక్క తిరగేశాడు. మనుషులు వంగింది చాలు, ఇక కార్లు వంగుతాయి అన్నాడు.

అలాంటి షిమోజో మాస్టారు, రిటైరయ్యాక ఎరుపు రంగు రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కున్నాడు. పైకప్పు తీసేసేది, రెప్పల దీపాలది. ఆదివారం వచ్చిందంటే భార్య కికువే గారిని పక్కన కూర్చోబెట్టుకుని కనుమ దాటి అవతలి వేడినీళ్ల బుగ్గకి వెళ్లేవాడు. ఆ కారంటే ఆయనకి ఎంత ప్రాణమంటే, బూట్లతో ఎవర్నీ ఎక్కనివ్వడు. గుమ్మంలో విప్పినట్టు తలుపు దగ్గర విప్పి, ఉత్త మేజోళ్లతో ఎక్కాలి. నడపడమూ అంతే.

ఆ కారు ఒక శుక్రవారం పొద్దున గర్రుమంటూ, గింజుకుంటూ ఇనోమాతా షెడ్డు ముందుకొచ్చి ఆగింది. ఆ చప్పుడు విని నేను చేతిలో పిండి కూడా దులుపుకోకుండా బయటికొచ్చాను. షిమోజో మాస్టారు గేరు గీరాడు. ఊళ్లో ఎవరికైనా చెప్తే నమ్ముతారా?

ఆయన దిగి, బూట్లు తొడుక్కుని, నిటారుగా నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది. "ఇనోమాతా, మొదటి గేరు పడట్లేదు. రివర్సు అసలే పడట్లేదు. చూడు. తప్పు బండిదైతే బాగుచెయ్యి. నాదైతే దాచొద్దు. సోమవారం పోలీసు స్టేషనుకి వెళ్లి లైసెన్సు తిరిగిచ్చేస్తాను. మళ్లీ స్టీరింగు ముట్టను."

ఇనోమాతా సరేనన్నాడు. మాస్టారు నడిచి వెళ్లిపోయాడు. ఆ మనిషి మా వీధిలో నడుస్తుండగా చూడడం నాకదే మొదటిసారి. ఎటు చూస్తూ నడవాలో కూడా తెలియనట్టు, మలుపు దగ్గర చెయ్యి చాపి సూచన ఇచ్చి మరీ తిరిగాడు.

ఇక నా ఆత్రం చూడండి. "తప్పు నీది" అన్న ఆ మాట ఆయనకే తిప్పికొట్టే రోజొచ్చిందని కాళ్లు నేల మీద ఆగలేదు. మధ్యాహ్నం కల్లా నెగోరో వచ్చాడు, సోయా సాస్ వాళ్లబ్బాయి వచ్చాడు, క్షౌరశాల మూసేసి దాని యజమాని కూడా వచ్చాడు. అందరికీ నూడుల్స్ మీద ధ్యాసే లేదు.

ఇనోమాతా మాత్రం తన ధోరణిలో తాను ఉన్నాడు. ముందు ఇంజను ఆపి గేర్లన్నీ వేసి చూశాడు. వెన్నలో వేలు పెట్టినట్టు దిగాయి. ఇంజను నడుస్తుండగా వేశాడు. గర్రుమన్నాయి. "అయితే పేచీ గేరుపెట్టెలో లేదు. క్లచ్ దగ్గర ఉంది" అన్నాడు. కారు వెనక భాగం లేపి, క్లచ్ తొక్కిపట్టి, తంటాలుపడి మొదటి గేరు వేశాడు. క్లచ్ తొక్కాక ఆగి ఉండాల్సిన వెనక చక్రం నెమ్మదిగా తిరుగుతూనే ఉంది. ఇంజనుని క్లచ్ పూర్తిగా వదలట్లేదన్నమాట. క్లచ్ ద్రవం చూశాడు, నిండుగా ఉంది. కింద దూరి గొట్టాలు చూశాడు, ఎక్కడా కారడం లేదు. ఇంకేం మిగిలిందో తెలియక వాడు తల గోక్కుంటుంటే నాకు లోపల పండగగా ఉంది.

చివరికి నన్ను పిలిచాడు. "తోమే అక్కా, కాస్త ఎక్కి క్లచ్ తొక్కి పట్టుకో. కింద నుంచి క్లచ్‌ని తోసే కడ్డీ ఎంత కదులుతోందో చూస్తాను."

చెప్పులు విప్పి ఎక్కాను. తొక్కాను. "పూర్తిగా తొక్కక్కా" అన్నాడు కింద నుంచి. పూర్తిగానే తొక్కానురా అన్నాను. "ఇంకా రావాలి." ఇంకెక్కడికి రావాలి, అడుక్కి ఆనింది కదా అన్నాను.  అంటూనే కిందికి చూసుకున్నాను. నా పాదం కనబడలేదు. చీలమండ దాకా పరుపులో కూరుకుపోయి ఉంది.

ఇనోమాతా బయటికొచ్చి ఆ పరుపుని వేళ్లతో పట్టి చూశాడు. మేజోళ్లతో నడిపే మాస్టారి పాదాలకి చలేయకుండా ఎవరో పువ్వుల గుడ్డతో, దూది నింపి, ఎంతో ముద్దుగా కుట్టిన బొంతలు. ఒకదాని మీద ఒకటి, దాని మీద ఇంకొకటి, తీసిన కొద్దీ వస్తున్నాయి. పెడలు నేల దాకా వెళ్లే దారిలేక సగంలోనే పరుపు మీద పడుకుంటోంది. పాపం క్లచ్ ఎలా వదులుతుంది?

నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను. కబురు పెట్టరా, ఆ మాట నేనే చెప్తాను, ఇన్నేళ్లుగా నోట్లో నానుతోంది అన్నాను. ఇనోమాతా జవాబివ్వకముందే షెడ్డు గుమ్మంలో కికువే గారు. చేతిలో మూట.

వచ్చీ రాగానే వంగి వంగి దండాలు పెట్టి, ఆయన రెండు వారాలుగా సరిగ్గా తిండి తినట్లేదని చెప్పుకొచ్చింది. గొడుగులు పెట్టుకునే జాడీలో గరిట నిలబెట్టి, కుర్చీలో కూర్చుని గేర్లు సాధన చేస్తున్నాడట. వయసైపోయింది, కాలికి పట్టు పోయింది, ఇక అంతేనని గోడకేసి చెప్పుకుంటున్నాడట. ఆదివారాలు ఇంట్లోనే ఉంటున్నారట. "నాకు డ్రైవింగ్ రాదు బాబూ. ఆయన మానేస్తే ఇద్దరం ఇక ఎటూ పోలేం. ఇంట్లో కూర్చుంటే ఆ మనిషి నాతో నాలుగు మాటలు మాట్లాడడు. కారెక్కితేనే మాట్లాడతాడు" అంది.

తర్వాత మూట విప్పింది. కొత్త బొంత. ఇంతకు ముందువాటికన్నా మందంగా ఉంది.

"ఏటా చలికాలానికి ఒకటి కుట్టి కింద పరుస్తాను. ఆయన పాదాలు ఊరికే చల్లబడిపోతాయి. నేను చెయ్యగలిగిందల్లా ఇదే కదా. బండి మీ దగ్గరే ఉంది, ఈ ఏడాదిది మీరే వేసేయండి."

 ఆ మాట ఇప్పుడు ఎవరికి చెప్పాలి? మాస్టారికి చెబితే సోమవారం లైసెన్సు పోతుంది. లేదంటే తప్పెవరిదో తేలిందని ఈవిడ వైపు తిరుగుతాడు. తప్పు తేలేదాకా వదలని మనిషి, తేలాక అసలే వదలడు. ఇనోమాతా ఆ బొంతని రెండు చేతులా అందుకుని, కుట్టు చాలా బాగుందమ్మా, రేపు పొద్దున ఇద్దరూ కలిసి రండి అన్నాడు.

శనివారం పొద్దున నా కొట్టు ముందు జనం చూడాలి. లైసెన్సున్నవాళ్లు, లేనివాళ్లు, ఆ తెల్ల కారుకి దండాలు పెట్టిన ప్రతివాడూ వచ్చాడు. మాస్టారు ఎవరివైపూ చూడకుండా నేరుగా షెడ్డులోకి నడిచాడు. వెనకే కికువే గారు.

"తప్పెవరిది?" అన్నాడు.

"కారుది మాస్టారూ."

"నీ సంగతి నాకు తెలుసు. ఏ భాగంలో?"

"క్లచ్ సగమే వదులుతోంది. అందుకే ఇంజను ఆగితే గేర్లు పడుతున్నాయి, నడిస్తే గీరుకుంటున్నాయి."

"ఎందుకు వదలట్లేదు?"

ఇనోమాతా కారు వైపు కోపంగా చూశాడు. "గారాబం ఎక్కువైంది. కాళ్ల కింద ఇంతింత మెత్తటి పరుపులు వేసి పెంచితే ఏ కారైనా ఒళ్లు వంచుతుందా? నెత్తికెక్కి కూర్చుంది. అందుకని అన్నీ పీకేశాను. ఇకమీదట వట్టి నేలే దీనికి. ఇదే శిక్ష."

కికువే గారి మొహం చిన్నబోయింది. వాడు చటుక్కున ఆవిడ వైపు తిరిగి, మడతలు పెట్టిన బొంతలన్నీ రెండు చేతులా చాపాడు. ఇంత చక్కటి కుట్టు తొక్కడానికి దాని కాళ్ల కింద పెడతారా అమ్మా, దానికంత అర్హత లేదు, పైకప్పు లేని బండిలో చలేసేది మోకాళ్లకి, ఇవి ఒళ్లో కప్పుకోండి అన్నాడు. ఆవిడ ఆ మాట కాసేపు ఆలోచించి, నిజమే, నా మోకాళ్లు కూడా లాగుతున్నాయి అంది. చెప్పులు విప్పి, ఎక్కి, బొంతలన్నీ ఒళ్లో వేసుకుని బుట్టలో పిల్లిలా కూర్చుంది.

మాస్టారు బూట్లు విప్పి ఎక్కాడు. ఇంజను తిప్పాడు. క్లచ్ తొక్కాడు. ఆ కాలు ఎన్నేళ్లుగానో వెళ్లనంత లోతుకి వెళ్లింది. రివర్సు వేశాడు. చప్పుడే లేదు. మొదటి గేరు వేశాడు. చప్పుడే లేదు. తర్వాత ఇంజను ఆపేసి అలాగే కూర్చుండిపోయాడు.

జీవితమంతా పెడళ్ల పాఠం చెప్పిన మనిషి. ఆయనకి తెలియకుండా ఉంటుందా? వట్టి నేలకేసి చూశాడు. భార్య ఒళ్లో ఉన్న బొంతల ఎత్తు చూశాడు. గెడ్డం బిగుసుకుంది. నోరు తెరిచాడు.  ఆ మాట ఇప్పుడు రాబోతోంది, ఆ మాట కాక ఆ నోట్లో ఇంకోటి లేదు.

"ఏమండీ, సరిగ్గా పడుతోందా?" అని అడిగింది కికువే గారు, బొంతల మీద నుంచి తల ఎత్తి.

మాస్టారు నోరు మూసుకున్నాడు.  "పడుతోంది. తప్పు కారుదే" అన్నాడు.

మా నెగోరో పక్కనున్న స్తంభం పట్టుకున్నాడు.

ఆయన దిగి, బూట్లు తొడుక్కుని, వచ్చి కారు ముందు నిలబడ్డాడు. ఇనోమాతా అప్పటికే వెనక జాకీ కొట్టడం మొదలుపెట్టాడు. రెప్పల దీపాలు మూసుకున్నాయి. ఎర్ర మూతి కిందికి, ఇంకా కిందికి వంగింది. లోపల కూర్చున్న కికువే గారు కూడా ఏం జరుగుతోందో తెలియక, బొంతలు గట్టిగా పట్టుకుని, కారుతో పాటు ముందుకి వంగింది. మా వాడు మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాడు, మన్నించండి అని ఇనోమాతా వెనక నుంచి గట్టిగా అన్నాడు.

మాస్టారు చెయ్యి చాపి బానెట్టు మీద వేశాడు. చూపు మాత్రం అద్దం అవతల కూర్చున్న మనిషి మీద ఉంది.

"పర్లేదు. ఎవరికైనా జరుగుతుంది. నెమ్మదిగా మళ్లీ మొదలుపెడదాం."

ఆ మాట ఆయన నోటివెంట మాలో ఒక్కరమూ ఎన్నడూ వినలేదు. వానలో నిలబడి విందామని ఎంత ఆశపడ్డామో మాకే తెలుసు. నాకు కళ్లు చెమర్చాయి, సిగ్గేముంది చెప్పడానికి. ఆయన చెప్పింది కారుకే. కానీ నా కొట్టు ముందున్న వాళ్లమందరం, ఎవరూ చెప్పకుండానే, నడుం వంచి దాన్ని అందుకున్నాం. నెగోరో అయితే కారుకన్నా కిందికి వంగాడు.

కాసేపటికి అందరూ లేచారు. ఇనోమాతా ఒక్కడే లేవలేదు. జాకీ పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు, భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని గబగబా దగ్గరికెళ్లి చూశాను. నవ్వాపుకోలేక చస్తున్నాడు వెధవ.